మొక్కుకున్న గొలుసు ఇవ్వకపోతే దేవుణ్ణి తక్కువ ప్రేమించినట్టేనా?

గుంటూరు వైపు నుంచి ఒక చెల్లెలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయట పెట్టొద్దన్నారు కాబట్టి విషయం మాత్రం చెప్తాను. భర్త మిర్చి యార్డులో ఒక కొట్లో గుమస్తా, ఈవిడ ఇంట్లో జాకెట్లు కుడతారు. అమ్మాయి పదో తరగతి, బాబుకి ఆరేళ్ళు, అత్తగారు వీళ్ళ దగ్గరే ఉంటారు. పెళ్ళప్పుడు ఇద్దరిదీ పాత మిషన్ సంఘమే. కొన్నాళ్ళుగా ఈవిడ పక్క వీధిలోని ప్రార్థన మందిరానికి వెళ్తున్నారు, తన విశ్వాసానికి అక్కడే ప్రాణం వచ్చిందంటున్నారు. వానాకాలంలో బాబుకి డెంగీ వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోతే, ఆసుపత్రి వరండాలో కూర్చుని, "ప్రభువా, వీణ్ణి బతికించు, మా అమ్మ పెట్టిన మూడు కాసుల గొలుసు నీకిస్తాను" అని మొక్కుకున్నారు. బాబు లేచాడు. కృతజ్ఞత కూడికలో ఈ మాట సాక్ష్యంగా కూడా చెప్పారు.

ఇప్పుడు మందిరానికి స్లాబు వేస్తున్నారు. పాస్టర్ గారు రెండుసార్లు ఫోన్ చేసి గుర్తు చేశారు, ఆ తర్వాత ఆదివారం అత్తరు బుడ్డి పగలగొట్టిన స్త్రీ మీద ప్రసంగం చేసి "దేవుని దగ్గర లెక్కలు వేసేవాడు యూదా" అన్నారు, అంటే ప్రభువుని పట్టించిన ఆ శిష్యుడు. ఇంట్లో భర్తేమో ఆ గొలుసు అమ్మాయి ఇంటర్ ఫీజుకని ఎప్పుడో అనుకున్నాం కదా అంటారు. ఆరాధనలో ఈవిడ చేతులెత్తి ఏడవడం, ఆనందం వస్తే గంతులు వేయడం కూడా ఆయనకి నచ్చదు, బంధువుల ముందు తల ఎత్తుకోలేకపోతున్నానంటారు. తెల్లవారుజామున నాలుగింటికి గట్టిగా ప్రార్థన చేస్తే అత్తగారు నిద్ర పట్టట్లేదని గొణుగుతారు. ఒకరోజు మాటా మాటా పెరిగి ఈవిడ భర్తని "నువ్వు మీకాలువి" అనేశారు, దేవుని ముందు నాట్యం చేసిన దావీదుని చిన్నచూపు చూసిన భార్య పేరది. ఆ ఆదివారం నుంచి ఆయన తన పాత సంఘానికి కూడా వెళ్ళడం మానేశారు. గొలుసు ఇవ్వాలా వద్దా, ఆరాధన తగ్గించుకోవాలా, ఆ మాట అన్నందుకు ఆయనకి సారీ చెప్పాలా, ఇవీ ఆవిడ ప్రశ్నలు.

చెల్లెమ్మా, మీ ప్రేమ అతి అని నేను అనను. ఆ మాట మీరు ఇంట్లో చాలాసార్లు వినే ఉంటారు, నా దగ్గర కూడా అదే వినాల్సి వస్తుందేమో అని భయపడుతూ రాసినట్టున్నారు. ప్రభువుని లెక్క చూడకుండా ప్రేమించిన వాళ్ళని ఆయన ఎప్పుడూ తక్కువ చేయలేదు. బేతనియలో జరిగింది అదే కదా. పస్కా పండగకి ఆరు రోజుల ముందు, చనిపోయి లేచిన లాజరు పంక్తిలో కూర్చుని ఉన్నాడు, మార్త వడ్డిస్తోంది, మరియ వచ్చి అచ్చ జటామాంసి అత్తరు ఆయన పాదాలకి పూసి తన తలవెంట్రుకలతో తుడిచింది. జటామాంసి మన హిమాలయాల్లో పెరిగే మొక్క, దాని వేరు నుంచి తీసిన నూనె ఎడారులు దాటి వర్తకుల చేతులు మారి ఆ ఊరు చేరేసరికి వెల మూడు వందల దేనారాలు అయింది. అప్పట్లో కూలివాడి రోజు కూలి ఒక దేనారం, అంటే దగ్గర దగ్గర ఒక ఏడాది సంపాదన ఒక్క పూట భోజనం దగ్గర అయిపోయింది. అక్కడున్న వాళ్ళకి కడుపు మండింది, ఇది అమ్మి బీదలకి ఇవ్వొచ్చు కదా అన్నారు. యేసు ఆమె పక్షాన నిలబడ్డాడు. ఆమె జోలికి పోవద్దన్నాడు. కాబట్టి మీ చేతులు పైకి లేవడం, మీ కళ్ళు తడవడం, కన్న కొడుకు బతికాడని ఒంటి మీద బంగారం తీసి ఇవ్వాలనిపించడం, ఇందులో సిగ్గుపడాల్సింది ఏదీ లేదు.

దేవుని పనికి పెట్టిన డబ్బు బీదల నోటి దగ్గర కూడు లాక్కున్నట్టే అని కూడా నేను ఒప్పుకోను. మెదక్ చర్చి చూసే ఉంటారు, ఆ గోపురం, ఆ రంగు అద్దాల కిటికీలు. పాస్నెట్ దొర అనే మిషనరీ దాన్ని 1914లో మొదలుపెట్టి కట్టించింది కరువు రోజుల్లో, చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళకి పని ఇచ్చి కడుపుకింత పెడుతూ కట్టించాడు, 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగింది. ఆకలితో ఉన్నవాడికి అన్నం, దేవునికి ఘనమైన మందిరం, రెండూ ఒకే చేత్తో జరిగాయక్కడ.

ఇక ఆ ఆదివారం ప్రసంగం దగ్గరికి వద్దాం. బేతనియ ఇంట్లో ఏం జరిగిందో మళ్ళీ ఒకసారి చదవండి, యోహాను 12, మార్కు 14 రెండూ పక్కపక్కన పెట్టుకుని. మరియకి ఎవరూ ఫోన్ చేయలేదు. ముందు వారం కానుకలిచ్చేవాళ్ళ పేర్లలో ఎవరూ ఆమె పేరు చదవలేదు. అత్తరు తీసుకురమ్మని యేసు అడగలేదు, శిష్యులు అడగలేదు, ఆమె లోపలి నుంచి వచ్చింది కాబట్టి తెచ్చింది. ఇంకో సంగతి, ఆ అత్తరు ఆమెదే. దాని కోసం మార్త పస్తు పడుకున్నట్టు గానీ, లాజరు అప్పు చేసినట్టు గానీ ఎక్కడా లేదు. మార్కులో ప్రభువు ఆమె గురించి "తన శక్తికొలది చేసి" అన్నాడు. ఆమె శక్తి, ఇంకొకరి శక్తి కాదు. యూదా విషయానికొస్తే, లెక్క వేయడం అతని పాపమని వాక్యంలో ఎక్కడా లేదు, డబ్బు సంచి దగ్గర పెట్టుకుని అందులో వేసింది దొంగిలించేవాడని యోహాను సూటిగా రాశాడు. లెక్క వేయడమే పాపమైతే, గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు చూసుకోడా అని లూకా 14లో ప్రభువే ఎందుకు అడుగుతాడు? కూతురు ఫీజు గురించి ఆలోచించే తండ్రిని యూదా పక్కన కూర్చోబెట్టడం నాకు బాధ కలిగించింది, ఇది దాచుకోకుండా చెప్తున్నాను.

మరి ఆ గొలుసు ఎవరిది? మీ అమ్మగారు మీకు పెట్టింది, మీదే, ఇమ్మని గానీ వద్దని గానీ శాసించే హక్కు మీ వారికి లేదు, ఇందులో నాకు అనుమానం లేదు. కానీ ఉత్తరం రెండో పేజీలో మీరే ఒక మాట రాసి ముందుకి వెళ్ళిపోయారు: గొలుసు చాలాకాలం బ్యాంకు తాకట్టులో ఉందని, పోయిన ఉగాదికే విడిపించామని. ఆ పైనే ఇంకోటి రాశారు, మిర్చి సీజన్ అంతా ఆయన రాత్రుళ్ళు కూడా కాటాల దగ్గర నిలబడి, ఘాటుకి దగ్గుతూ, తెల్లారి ఇంటికొచ్చి ఒళ్ళంతా మంటలని రెండేసి సార్లు స్నానం చేసేవారని. ఈ రెండూ కలిపి చదివితే ఆ గొలుసులో మీ అమ్మగారి ప్రేమ ఎంత ఉందో మీ వారి కష్టం అంత ఉంది. మరియ బుడ్డి పూర్తిగా మరియది. ఈ గొలుసు పేరుకి మీదే అయినా, చెమటలో ఇద్దరిదీ. ఆయన వద్దన్నప్పుడు మీకు దేవుని మీద అయిష్టంలా వినపడి ఉండొచ్చు, నాకు మాత్రం అలిసిపోయిన మనిషి మాటలా వినపడుతోంది.

మొక్కు సంగతి. ప్రసంగి 5 మీరే రాశారు, మొక్కుకుని చెల్లించకపోవడం కంటే మొక్కుకోకపోవడం మేలు అని. నిజమే, దాన్ని తేలిక చేయను. సంఖ్యాకాండము 30 తీసి చూపించి భార్య మొక్కుని భర్త రద్దు చేయొచ్చు అనేవాళ్ళు కూడా ఉంటారు, ఆ దారి నేను మీకు చూపించను, మాట ఇచ్చింది మీరు, దానికి జవాబుదారీ కూడా మీరే. కానీ అదే ధర్మశాస్త్రంలో లేవీయకాండము 27 ఉంది. మనుషుల్ని దేవునికి మొక్కుకున్నప్పుడు ఎవరికి ఎంత వెల కట్టాలో అక్కడ వరసగా చెప్పి, 8వ వచనంలో, ఆ వెల ఇచ్చుకోలేనంత బీదవాడైతే యాజకుడు అతని కలిమిని బట్టి వెల తగ్గించి నిర్ణయించాలని ఉంది. భయంలో, ప్రేమలో, మన స్థోమతకి మించి నోరు జారతామని దేవునికి ముందే తెలుసన్నమాట. అందుకే యాజకుడి దగ్గరికి వెళ్ళి మళ్ళీ మాట్లాడుకునే వీలు పెట్టాడు.

ఇంకా, మీరు ఉత్తరంలో రాయని భయం ఒకటి ఉందనుకుంటున్నాను. గొలుసు ఇవ్వకపోతే బాబుకి మళ్ళీ ఏదైనా అవుతుందేమో అని. అలాంటిదేమీ లేకపోతే ఈ నాలుగు వాక్యాలు వదిలేయండి. ఉంటే మాత్రం, యాయీరు కూతురి సంగతి చూడండి. పన్నెండేళ్ళ పిల్ల, చనిపోయిందన్నారు, ప్రభువు చెయ్యి పట్టి లేపాడు. తర్వాత ఆ తండ్రిని ఆయన ఏమీ అడగలేదు, పిల్లకి తినడానికి ఏదైనా పెట్టమన్నాడు. మీ బాబుని బతికించింది కూడా ఆ ప్రభువే, వడ్డీ వసూలుకి గుమ్మం దగ్గరికి వచ్చే షావుకారు కాదు.

ఇప్పుడు మీ ముందు ఏమేం దారులున్నాయో చూద్దాం. ఎవరికీ చెప్పకుండా గొలుసు తీసుకెళ్ళి ఇచ్చేయొచ్చు. మీ మనసు ఆ రోజుకి తేలికపడుతుంది, స్లాబు పడుతుంది. కానీ మీ వారు ఆ మందిరం ముందు నుంచి సైకిల్ మీద వెళ్ళిన ప్రతిసారీ అందులో తన సీజన్ రాత్రుళ్ళు కనిపిస్తాయి. అమ్మాయికి నచ్చిన కాలేజీ దొరక్కపోతే అది నాన్న మీద కోపంగా కాదు, దేవుని మీద కోపంగా మారే ప్రమాదం ఉంది, పదిహేనేళ్ళ పిల్లకి ఇవి విడదీసి చూడటం కష్టం. కొర్బాను, అంటే ఇది దేవునికి ఇచ్చేశాను, అని చెప్పి అమ్మానాన్నలకి పెట్టాల్సింది ఎగ్గొట్టిన వాళ్ళతో మార్కు 7లో యేసు ఎంత గట్టిగా మాట్లాడాడో మీకు తెలుసు. ఇంట్లో వాళ్ళకి చెందాల్సింది దేవుని పేరు చెప్పి తీసుకోవడం ఆయనకి ఏనాడూ ఇష్టం లేదు.

రెండోది, మా ఆయన ఒప్పుకోలేదని చెప్పి మొత్తం మానేయడం. ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది, కొన్నాళ్ళు. ఆ తర్వాత ఆ మొక్కు మీ లోపల ముల్లులా ఉండిపోతుంది, ఏ చిన్న గొడవైనా మీకు "ఈయన వల్లే" అనిపిస్తుంది. మీ మనసు నాకు తెలిసినంతలో, మీరు ఇది మోయలేరు.

మూడో దారి నాకు కొంచెం ఎక్కువ నచ్చింది, అయినా నిర్ణయం మీదే. మొక్కుని మొక్కులాగే ఉంచి, చెల్లించే తీరు మార్చడం. గొలుసు అమ్మాయి ఫీజుకి ఉంటుంది, దాని విలువ మాత్రం మీరు మీ కుట్టు డబ్బుల్లోంచి కొంచెం కొంచెంగా దేవునికి తీసి పెడతారు. దావీదు రాజు బలి అర్పించడానికి వెళ్ళిన అరౌనా అనే ఆయన కళ్ళం దగ్గర, ఎడ్లూ కర్రలూ అన్నీ ఉచితంగా ఇస్తానన్నా తీసుకోలేదు, వెల ఇవ్వనిది నా దేవునికి అర్పించను అని 50 తులాల వెండి ఇచ్చి కొన్నాడు. మీ మిషన్ మీద మీ కాళ్ళు తొక్కి సంపాదించింది అచ్చంగా మీది, అందులో ఇంకొకరి చెమట లేదు. మన పల్లె సంఘాల్లో ఆడవాళ్ళు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు దేవుని కుండలో వేసేవాళ్ళు, ఇప్పటికీ వేసే ఇళ్ళున్నాయి, ఎవరికీ కనపడని ఆ పిడికెళ్ళతో సేవకుల ఇళ్ళల్లో పొయ్యిలు వెలిగాయి. ఇందులో కష్టం ఏంటంటే ఇది ఏళ్ళు పడుతుంది, పండగ సీజన్లో వచ్చిన డబ్బు చూసి చెయ్యి వెనక్కి తగ్గుతుంది, మీ పేరు ఏ ఆదివారమూ చదవరు. పాస్టర్ గారి స్లాబుకి ఇది టైముకి అందకపోవచ్చు కూడా.

ఇంకోటి కూడా ఉంది, ఇది మీ వారిని బట్టి ఉంటుంది. బాబు బతికినందుకు ఆయన కూడా దేవునికి ఏదైనా ఇవ్వాలనుకుంటున్నారేమో మీరు ఎప్పుడైనా అడిగారా? మీరు వరండాలో ప్రార్థన చేస్తున్న ఆ రాత్రి, ఆయన ప్లేట్‌లెట్ల కోసం బండి మీద ఊరంతా తిరిగి, తెలిసినవాళ్ళ తలుపులన్నీ తట్టారని మీరే రాశారు. అది కూడా నాకు ప్రార్థనగానే కనిపిస్తోంది. అడిగితే ఆయన ఇద్దరం కలిసి కొంత ఇద్దాం అనొచ్చు, తన పాత సంఘంలో ఇస్తాననొచ్చు, పిల్లల వార్డులో ఎవరికో మందులు కొనిస్తాననొచ్చు. మీ స్లాబుకి రాకపోవచ్చు. మీరు ఆ రాత్రి అన్నది "నీకిస్తాను" అని, అప్పటికి స్లాబు మాటే లేదు, ఇది మర్చిపోకండి. అలాగని ఆయన ఏమీ ఇవ్వనన్నా ఆశ్చర్యపోకండి, ఇప్పుడు ఆయన మనసు విరిగి ఉంది.

మీరు ఏది ఎంచుకున్నా పాస్టర్ గారితో మీరే వెళ్ళి మాట్లాడండి, ఫోన్లో కాదు, వీలైతే పాస్టరమ్మ గారు కూడా ఉన్నప్పుడు. "అయ్యగారూ, మొక్కు మర్చిపోలేదు, ఈ పద్ధతిలో చెల్లిస్తాను, నా పేరు మీద గొలుసు రాసుకుంటే తీసేయండి" అని చెప్పండి, అంతకంటే వివరణ అవసరం లేదు. ఆయన చెడ్డవాడని నేను అనుకోవట్లేదు, సగంలో ఆగిన కట్టడం ఎవరికైనా టెన్షనే. మంచి కాపరి అయితే అర్థం చేసుకుని మీ ఇంటి కోసం ప్రార్థన చేస్తాడు. దేవుని ఆరాధనకి గుడారం కట్టేటప్పుడు జనం అవసరానికి మించి తెస్తుంటే, ఇక తేవద్దని మోషే పాళెమంతా చాటింపు వేయించాడు, నిర్గమ 36లో ఉంది. చాలు అని చెప్పగల నాయకుడి చేతిలో కానుక భద్రంగా ఉంటుంది. ఒకవేళ శాపం వస్తుందని, బిడ్డకి మంచిది కాదని అంటే మాత్రం ఆ మాట అక్కడే వదిలి లేచి వచ్చేయండి, ఆ మందిరంలో ఉండాలా వద్దా అన్నది అప్పుడు తీరిగ్గా ఆలోచించుకోవచ్చు. రెండు కాసులు వేసిన బీద విధవరాలి కథ చెప్పి డబ్బు అడిగేవాళ్ళు దానికి ముందున్న వచనం కూడా చదవాలి, విధవరాళ్ళ ఇళ్ళు మింగేసే శాస్త్రుల గురించి ప్రభువు అక్కడే హెచ్చరించాడు. సణుక్కుంటూ గానీ బలవంతంగా గానీ వద్దని పౌలు కొరింథీయులకి రాసింది ఇవ్వనివాళ్ళకి ఎంత వర్తిస్తుందో అడిగేవాళ్ళకీ అంతే.

ఆరాధన తగ్గించుకోవాలా అంటే, మందిరంలో వద్దు. చేతులెత్తండి, ఏడవండి, గంతులేయాలనిపిస్తే వేయండి. మీ వారు పెరిగిన సంఘంలో కీర్తన పాడి మౌనంగా తల వంచుతారు, ఆ మౌనం లోపల ఏముందో మనకి తెలియదు కాబట్టి దాన్ని చల్లదనం అనుకోకండి, అంతే. పిల్లలు లేని హన్నా ప్రార్థన చేసినప్పుడు పెదాలు మాత్రమే కదిలాయి, గొంతు వినపడలేదు, ఆమె ప్రార్థనకి సమూయేలు పుట్టాడు. ఇంట్లో నాలుగింటి ప్రార్థన వేరే సంగతి. వయసు మళ్ళిన మనిషి నిద్ర కూడా మీరు దేవునికి ఇస్తున్న కానుకలో కలిసిపోతోంది, ఆవిణ్ణి అడక్కుండా. మేడ మీదికి వెళ్ళండి, లేదా గొంతు తగ్గించండి, తలుపు వేసుకుని రహస్యంగా ప్రార్థించమన్నాడు కదా.

చివరి ప్రశ్న. అవును, సారీ చెప్పాలి. మీకాలు కథ మందసం, అంటే దేవుని ఒడంబడిక పెట్టె, ముందు దావీదు నాట్యం చేసిన రోజు మొదలవలేదు. ఆమె దావీదుని ప్రేమించింది, తన తండ్రి సౌలు రాజు మనుషులు అతన్ని చంపడానికి వస్తే కిటికీలోంచి దించి పంపేసింది, తర్వాత ఆమెను వేరే మగాడికి కట్టబెట్టారు, ఏళ్ళ తర్వాత దావీదు వెనక్కి రప్పిస్తే ఆ రెండో భర్త బహూరీము దాకా ఏడుస్తూ వెంట నడిచాడు. ఆ తర్వాత ఒక రోజు ఆమె మళ్ళీ కిటికీ దగ్గర నిలబడి, కింద దావీదు నాట్యం చేస్తుంటే మనసులో హీనపరిచింది. తప్పే, కాదనను. కానీ అంత నలిగిన మనిషి ఆమె. దావీదు ఆ రోజు జనమందరికీ రొట్టె, మాంసం, ద్రాక్షపండ్ల అడ పంచి, తన ఇంటివాళ్ళని దీవించడానికి ఇంటికొచ్చాడని 2 సమూయేలు 6లో ఉంది. గుమ్మంలో ఆమె ఒక మాట అంది, ఆయన దానికి రెండు అన్నాడు. ఆ దీవెన జరిగినట్టు ఎక్కడా రాయలేదు, ఆ ఇద్దరి మధ్య మళ్ళీ మాటలు జరిగినట్టూ లేదు. మీ ఇంట్లో ఇంకా అంత దూరం రాలేదు.

కాబట్టి ఈ వారంలోనే చెప్పండి, ఆయన కొట్టు నుంచి వచ్చి అన్నం తిన్నాక, పిల్లలు పక్కన లేనప్పుడు. అలా అని ఉండాల్సింది కాదు, సీజన్లో మీరు పడ్డ కష్టం నేను మర్చిపోయాను అనండి. చర్చికి రమ్మని అప్పుడే అడగొద్దు. గొలుసు ఊసు కూడా ఆ రోజు ఎత్తొద్దు, అది ఇంకో రోజు మాట్లాడుకోండి, ఫీజు ఎంతో, మీ కుట్టు మీద నెలకి ఎంత మిగులుతుందో కాగితం మీద రాసుకుని. ఏం జరిగిందో వీలైతే మళ్ళీ రాయండి.